శాఖా గ్రంథాలయంలో ఉదయపు పుస్తక చర్చ: మొదలుపెట్టడం, నిలబెట్టడం

మండల కేంద్రాల్లో, చిన్న పట్టణాల్లో పుస్తక చర్చలు మొదలవుతుంటాయి, మూడో నెలకో నాలుగో నెలకో ఆగిపోతుంటాయి. జనం రాకపోవడం వల్ల ఆగాయని అంటారు గానీ, చాలాచోట్ల అసలు సంగతి వేరు. వచ్చినవాళ్ల చేతుల్లో పుస్తకం ఉండదు. పుస్తకం లేని చోట ఒకరు ప్రసంగిస్తారు, తక్కినవాళ్లు వింటారు. రెండుసార్లు విన్నాక మూడోసారి రావడానికి ఎవరికీ కాళ్లు కదలవు. అందుకే కింద చెప్పే ఏ పని చూసినా గురి ఒక్కటే: కూర్చున్న ప్రతి ఒక్కరి చేతిలో అదే పుస్తకం ఉండాలి, అదే పేజీ తెరిచి ఉండాలి. వేళ, గది, డబ్బు, అనుమతి అన్నీ దానికోసమే.

1. ముందు గ్రంథాలయం ఉదయాన్ని గమనించండి

తెలుగు రాష్ట్రాల్లో జిల్లా గ్రంథాలయ సంస్థల కింద నడిచే శాఖా గ్రంథాలయాలు ఎక్కువగా ఉదయం 8 నుంచి 11 వరకు, మళ్లీ సాయంత్రం ఓ మూడు గంటలు తెరిచి ఉంటాయి. వారపు సెలవు సాధారణంగా శుక్రవారం. మీ ఊరి వేళలు బోర్డు మీద సరిచూసుకోండి.

ఓ నాలుగైదు రోజులు ఉదయం వెళ్లి కూర్చుంటే లెక్క తెలుస్తుంది. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా పేపర్ల బల్ల చుట్టూ రద్దీ. తొమ్మిది దాటాక అది పలచబడుతుంది. కానీ పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు తలుపు తీసినప్పటి నుంచి వేసేదాకా కదలరు. ఇరుకింటి నుంచి వచ్చిన వాళ్లకు ఊరు మొత్తంలో నిశ్శబ్దంగా చదువుకునే చోటు అదొక్కటే. మీ చర్చ వాళ్ల చదువు చెడగొడితే మొదటి ఫిర్యాదు అక్కడినుంచే వస్తుంది, అది న్యాయమైన ఫిర్యాదు.

కాబట్టి పఠన మందిరంలో కూర్చోవద్దు. పిల్లల విభాగానికి వేరే గది ఉంటే అదే అన్నిటికన్నా మంచిది, బడి రోజుల్లో ఉదయం పూట ఖాళీగా ఉంటుంది. అది లేకపోతే వరండా. అదీ లేకపోతే ఆవరణలో చెట్టు నీడ. వరండాలో కూర్చుంటే రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చోవాలి, లేకపోతే దారిన పోయే ప్రతి పలకరింపుకూ మాట తెగుతుంది. గదిలోనైతే పాత సీలింగ్ ఫ్యాన్ చప్పుడు చూసుకోండి. మెల్లగా మాట్లాడేవాళ్ల గొంతును అది మింగేస్తుంది.

వేళ 9.30 నుంచి 10.45. పిల్లల్ని బడికి పంపిన ఇల్లాళ్లకు, నడక, పేపరు ముగించిన పెన్షనర్లకు ఇద్దరికీ కుదిరే సమయం ఇదే. చివరి పావుగంట కుర్చీలు సర్దడానికి, పుస్తకాలు మార్చుకోవడానికి వదలాలి. గ్రంథాలయాధికారి తాళం చేత్తో పట్టుకుని మీ కోసం నిలబడే పరిస్థితి ఒక్కసారి కూడా రానివ్వకండి.

ఆదివారమా, పనిదినమా? ఉద్యోగులు, టీచర్లు కావాలంటే ఆదివారం తప్పదు. మా అభిప్రాయం మాత్రం మొదటి ఆరు నెలలు పనిదినమే మేలని. ఆదివారం పేపరు పాఠకులు ఎక్కువ, పెళ్లిళ్లు పేరంటాలూ ఆ రోజే. ఊళ్లో సంత జరిగే రోజు వదిలేయండి. నెలకొకసారి చాలు, కానీ ‘రెండో బుధవారం’ లాగా నోటికి వచ్చేటట్టు ఉండాలి. ఒకసారి మార్చారంటే ఆ నెల సగంమంది పాత రోజుకు వచ్చి తలుపులోనుంచి తొంగిచూసి వెళ్లిపోతారు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే ఇళ్లలో ఉదయం లెక్క మారుతుంది. పిల్లలు తొందరగా వెళ్తారు, మధ్యాహ్నానికే ఇంటికొస్తారు. ఎండ కూడా ముదురుతుంది. బడులు మూసేదాకా చర్చను అరగంట ముందుకు జరిపి 9 గంటలకు మొదలుపెట్టండి. ఈ ఒక్క మార్పు ఫిబ్రవరిలోనే అందరికీ చెప్పి ఉంచాలి.

2. అనుమతి కాగితం మీద తీసుకోండి

జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి గారికి, మీ శాఖా గ్రంథాలయాధికారి ద్వారా, ఒక పేజీ దరఖాస్తు. అందులో ఉండాల్సినవి: ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది, ఎక్కడ కూర్చుంటారు. మైకు పెట్టం, బ్యానరు కట్టం, పార్టీలకూ సంఘాలకూ సంబంధం లేదు, కుర్చీలు మేమే వేసి మేమే తీస్తాం. అందినట్టు సంతకం చేయించుకున్న నకలు మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటతో సరిపెట్టుకుంటే, సరే అన్న అధికారి బదిలీ అయిన రోజుతో ఆ మాట కూడా వెళ్లిపోతుంది.

చిన్న శాఖల్లో పని మొత్తం ఒక్క మనిషి మీదే ఉంటుంది. ఆ మనిషికి మీ వల్ల కొత్త పని పడకూడదు. ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, చర్చ బతకడానికి సంబంధించిన విషయం కూడా.

3. ప్రతులు: అసలు శ్రమంతా ఇక్కడే

గ్రంథాలయంలో ఏ తెలుగు పుస్తకమైనా ఒకటో రెండో ప్రతులు ఉంటాయి. పదిమంది దాన్ని నెలలో చదవలేరు. పదిహేను రోజుల గడువుతో ఇచ్చినా ఇద్దరు చదివేసరికి నెల అయిపోతుంది. కాబట్టి పుస్తకం ఎంచుకోవడం అంటే ముందు ప్రతులు దొరుకుతాయో లేదో చూడటం.

మూడు పరీక్షలు పెట్టండి. పేజీలు 160 దాటకూడదు. ఈ రోజు ఫోన్ చేస్తే కనీసం పది ప్రతులు పంపగల దుకాణం ఉండాలి. చదివిన ఇద్దరు దాని గురించి వేర్వేరుగా అనుకునే అవకాశం ఉండాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. అందరూ ఒకే గొంతుతో మెచ్చుకునే పుస్తకం ఇంట్లో చదువుకోవడానికి చాలా బాగుంటుంది, చర్చకు మాత్రం పావుగంటలో అయిపోతుంది.

తెలుగు పుస్తకాలు ఎక్కువగా ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతాయి. అవి అయిపోయాక మళ్లీ ముద్రణ ఎప్పుడో చెప్పలేం. అందుకే పేరు ప్రకటించడానికి ముందే విజయవాడలోనో హైదరాబాదులోనో విశాలాంధ్ర, నవచేతన, ప్రజాశక్తి, నవోదయ లాంటి దుకాణాలకు ఫోన్ చేసి, ‘పది కాపీలు ఉన్నాయా, ఒకే ముద్రణవేనా’ అని అడగండి. రెండో ప్రశ్న మరిచిపోవద్దు. ముద్రణ మారితే పేజీ నంబర్లు మారతాయి, అప్పుడు ‘నలభై రెండో పేజీ తీయండి’ అంటే సగంమంది వేరే చోటుకు వెళ్తారు. రెండు ముద్రణలు కలిసిపోతే అధ్యాయం, పేరా లెక్క చెప్పుకుని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనే వీలుంటే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం అందుకు తగిన చోట్లు. పది శాతం దాకా తగ్గింపు అక్కడ మామూలు.

డబ్బు లెక్క. పుస్తకం 150 రూపాయలనుకుంటే పది ప్రతులకు 1,500. ఎవరిది వాళ్లే కొనుక్కోమంటే సులువే గానీ, కొనలేనివాళ్లు కారణం చెప్పకుండా మానేస్తారు. దానికి బదులు పన్నెండుమంది నెలకు 50 చొప్పున వేస్తే మూడు నెలలకు 1,800 అవుతుంది. ఒక పుస్తకానికి, మధ్యలో రెండు నెలల జిరాక్సులకు అది దాదాపుగా సరిపోతుంది. అంటే మూడు నెలలకొక నవలో పెద్ద పుస్తకమో, మధ్య రెండు నెలలు కథలు. ఈ డబ్బు గ్రంథాలయం ఆవరణలో వసూలు చేయవద్దు, లెక్క ఒక నోటుబుక్కులో రాసి ఎవరడిగినా చూపండి. ఇవ్వలేని ఒకరిద్దరి సంగతి కోశాధికారి ఒక్కరికే తెలిసి ఉండాలి.

కథల నెలల్లో ఖర్చు తగ్గాలంటే హక్కులు ముగిసిన రచనలు వాడుకోండి. మన దేశంలో రచయిత మరణించిన ఏడాది పూర్తయ్యాక మరో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. గురజాడ అప్పారావు (1915), ఉన్నవ లక్ష్మీనారాయణ (1958), శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1961), త్రిపురనేని గోపీచంద్ (1962) రచనలు ఇప్పుడు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, జిరాక్సు తీసుకోవచ్చు. పాత ముద్రణల స్కాన్లు చాలావరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతాయి. అయితే కొత్త సంపుటాల్లో సంపాదకులు రాసిన ముందుమాట, వివరణలు వాళ్లవే, వాటిని వదిలి కథ మాత్రమే తీయండి. ఎనిమిది పేజీల కథ పేజీకి రెండు రూపాయల చొప్పున పన్నెండుమందికి 192 రూపాయలు.

అందరికీ ఒకే మూలం నుంచి తీయాలి. గురజాడ ‘దిద్దుబాటు’నే తీసుకోండి. 1910లో అచ్చయిన పాఠానికీ తర్వాతి సంపుటాల్లో కనిపించే పాఠానికీ తేడాలున్నాయి. ఒకరి చేతిలో ఒకటి, ఇంకొకరి చేతిలో మరొకటి ఉంటే, ఆ సంగతి తెలియకుండానే అరగంట వాదించుకుంటారు. తెలిసి రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం అదే ఒక నెల చర్చకు సరిపోతుంది.

హక్కులు ఉన్న పుస్తకం, ఎక్కడా అమ్మకానికి లేదు, గ్రంథాలయంలో శిథిల ప్రతి ఒకటే ఉంది. అప్పుడు? భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని, లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం తన వాడకం కోసం, బాధ్యుడి ఆధ్వర్యంలో మూడు ప్రతుల వరకు తీసుకోవడానికి కాపీరైట్ చట్టం ఒప్పుకుంటుంది. ఆ పని మీరు కాదు, గ్రంథాలయాధికారి చేయించాలి. ఇక జీవించి ఉన్న రచయితల పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో పంచడం వద్దు. వెయ్యి ప్రతులు అమ్ముడుపోవడానికే ఏళ్లు పట్టే భాషలో అది నేరుగా రచయిత నోటి దగ్గరి కూడు తీయడమే. ఒక్క కథ చాలనుకుంటే రచయితకే రాసి అడగండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

కొన్న పది ప్రతులను వెంటనే గ్రంథాలయానికి విరాళంగా ఇచ్చేయవద్దు. అక్సెషన్ రిజిస్టరులోకి, అంటే గ్రంథాలయం తన పుస్తకాలను నమోదు చేసుకునే పుస్తకంలోకి, ఎక్కిన ప్రతి పోతే జవాబు చెప్పాల్సింది గ్రంథాలయాధికారి. చర్చ అయ్యేదాకా అవి బృందం ప్రతులుగానే ఉండాలి. లోపలి అట్ట మీద 1 నుంచి 10 దాకా నంబర్లు వేసి, ఎవరికి ఏ నంబరు ఇచ్చారో నోటుబుక్కులో రాయండి. అంతా అయ్యాక రెండు ప్రతులు గ్రంథాలయానికి ఇచ్చి, ఎనిమిది పెట్టెలో పెట్టి పక్క ఊరి బృందానికి పంపండి. 160 పేజీల పుస్తకం సుమారు 200 గ్రాములు ఉంటుంది, ఎనిమిదీ కలిపితే రెండు కిలోలు కూడా తూగవు, ఆర్టీసీ కార్గోలో వెళ్తాయి. పుస్తకాలు ఊరూరా తిప్పడం మనకు కొత్తేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. మన దగ్గర ఇప్పుడు బస్సులున్నాయి.

4. మనుషులు

ఎనిమిది నుంచి పన్నెండుమంది సరైన సంఖ్య. ఆరుకు తగ్గితే ఒకరు రాకపోయినా వెలితి తెలుస్తుంది. పదిహేను దాటితే మెతకవాళ్లకు మాట దొరకదు, అప్పుడు రెండు బృందాలు చేయాలి.

కరపత్రాలతో పని జరగదు. నవలలు తీసుకెళ్లే పాఠకులెవరో గ్రంథాలయాధికారికి తెలుసు, వాళ్లతో ఆయన్నే ఒక మాట చెప్పమనండి. జడ్పీ హైస్కూలు తెలుగు టీచరు, పెన్షనర్ల సంఘం, పొదుపు సంఘాల లీడర్లు, ఈ మూడు చోట్లా మనిషి మనిషికీ ఎదురుగా చెప్పాలి. పదిహేనుమందిని పిలిస్తే ఎనిమిదిమంది వస్తారు.

ఆడవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. మొదటి నెల మగవాళ్ల మధ్య ఒకే ఒక్కావిడ కూర్చుంటే రెండో నెల ఆవిడ రాదు. ముగ్గురు కలిసి వచ్చేటట్టు ముందే మాట్లాడండి. చిన్నపిల్లను వెంటబెట్టుకుని వస్తానన్నా సరేననండి. పిల్లల విభాగంలోనే కూర్చుంటున్నారు కాబట్టి బొమ్మల పుస్తకాలు చేతికందుతూనే ఉంటాయి.

వాట్సాప్ గ్రూపు పెడితే సందేశాలు అడ్మిన్లు మాత్రమే పంపేటట్టు సెట్టింగు మార్చండి. తేదీ, పుస్తకం, ఎన్నో పేజీ దాకా చదవాలి, అంతే. శుభోదయాలు మొదలైన గ్రూపును జనం మ్యూట్ చేస్తారు, తర్వాత తేదీ మారినా ఎవరికీ తెలియదు.

5. నడిపేవారి తయారీ

పుస్తకం రెండుసార్లు చదవాలి. మొదటిసారి అందరిలాగే. రెండోసారి పెన్సిల్‌తో. ఐదు చోట్ల కాగితం ముక్కలు పెట్టుకోండి, అందులో మూడు వాడతారు, రెండు చేతిలో ఉంటాయి. ఎక్కడ పెట్టాలి? పాత్ర అనుకున్న పని చేయకుండా ఆగిన చోట, చెప్పాల్సిన మాట రచయిత చెప్పకుండా దాటేసిన చోట, మీకే కోపమో చిరాకో వచ్చిన చోట.

ప్రశ్నలో పేజీ ఉండాలి. ‘ఈ కథలో నీతి ఏమిటి?’ అంటే బడి గుర్తొస్తుంది. ‘మీకు నచ్చిందా?’ అంటే నచ్చిందంటారు, అక్కడితో సరి. ‘ముప్పై ఒకటో పేజీలో కోడలు జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లిపోయింది. అత్తగారికి భయపడిందా, లేక చెప్పి లాభం లేదనుకుందా? ఏ మాట చూసి అలా అనిపించింది?’ అని అడగండి. వెంటనే పేజీలు తిరుగుతాయి. ఆ చప్పుడు వినబడితే చర్చ మొదలైనట్టే.

మాండలికం ఉన్న పుస్తకమైతే తెలియని మాటల జాబితా, ఇరవైకి మించకుండా, ప్రతులతో పాటే ఇవ్వండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. సేద్యం, చేనేత మాటలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తి పదకోశాలు పనికొస్తాయి. వాటిలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చింది, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడిగి చూడండి. అంతకన్నా మంచిది, ఆ ప్రాంతం నుంచి మీ ఊరికి కోడలుగానో ఉద్యోగానికో వచ్చినవాళ్లుంటే వాళ్లచేత పైకి చదివించడం. అచ్చులో కొరుకుడుపడని వాక్యం ఆ నోట్లో అర్థమైపోతుంది.

6. డెబ్బై ఐదు నిమిషాలు

కుర్చీలు గుండ్రంగా. మధ్యలో బల్ల వద్దు. నడిపేవారికి వేరే రకం కుర్చీ వద్దు. ఎక్కువ మాట్లాడే మనిషి పక్కన మీరు కూర్చోండి, అసలు మాట్లాడని మనిషి ఎదురుగా కనబడేటట్టు చూసుకోండి. పక్కనున్నవాళ్లను ఆపడం సులువు, ఎదురుగా ఉన్నవాళ్లకు చూపుతోనే మాట అందించొచ్చు.

9.30కి నలుగురే ఉన్నా మొదలుపెట్టాలి. ఆలస్యమైనవాళ్ల కోసం ఆగితే వేళకు వచ్చినవాళ్లు వచ్చే నెల ఆలస్యంగా వస్తారు.

మొదటి ఇరవై నిమిషాల్లో పలకరింపులు పోగా, పుస్తకంలోంచి నాలుగైదు పేజీలు పైకి చదవండి. మామూలు సైజు తెలుగు పుస్తకం పేజీ నిదానంగా చదివితే రెండు నుంచి రెండున్నర నిమిషాలు పడుతుంది. దీన్ని వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. చదవకుండా వచ్చినవాళ్లకు, కళ్లద్దాలు మరిచినవాళ్లకు, శుక్లాలు వచ్చినవాళ్లకు అందరికీ సమానమైన ఆధారం అప్పుడే దొరుకుతుంది. ఒకరే చదవక్కర్లేదు, పేజీకొకరు మారొచ్చు.

తర్వాత పది నిమిషాలు ఒక చుట్టు. ప్రతి ఒక్కరూ ఒక పేజీ నంబరు, ఒక్క వాక్యం. అంతే. పన్నెండుమందికి మనిషికి ముప్పావు నిమిషం. ఈ చుట్టులో ఎవరికీ జవాబు చెప్పకూడదు. మొదటి అరగంటలో ఒక్కసారి నోరు తెరిచినవాళ్లే తర్వాత కూడా మాట్లాడతారు.

10 నుంచి 10.35 దాకా అసలు చర్చ, మూడు చోట్లు, ఒక్కో చోటుకు పది పన్నెండు నిమిషాలు. ఒక చోటు బాగా పండితే మిగతా రెండూ వదిలేయండి. నిశ్శబ్దం వస్తే కంగారుపడి మీరే మాట్లాడవద్దు, మనసులో పదిదాకా లెక్కపెట్టండి. చివరి పది నిమిషాలు వచ్చే నెల ప్రతులు ఇవ్వడానికి. టీ ఆఖర్న. మధ్యలో వస్తే తెగిన మాట మళ్లీ అతకదు. లీటరు ఫ్లాస్కు పన్నెండు చిన్న కప్పులకు సరిపోతుంది.

7. ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం చర్చ సభగా మారడం. ఒక నెల ఎవరో పెద్దమనిషి వస్తున్నారని కుర్చీలు వరసలుగా వేస్తారు, అధ్యక్షుడు వస్తాడు, శాలువా వస్తుంది, ఫొటో వస్తుంది. మరుసటి నెల శాలువా లేకపోతే లోటుగా ఉంటుంది. సన్మానాలు చేయాలనుంటే నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉన్నాయి, అప్పుడు ఎంత ఘనంగానైనా చేయండి. నెలవారీ చర్చలోకి మాత్రం పూలదండ రానివ్వకండి.

రెండోది, అన్నీ తెలిసిన పెద్దవారు. సాధారణంగా విశ్రాంత ఉపాధ్యాయులు, నిజంగానే చాలా చదివినవారు. మధ్యలో ఆపితే నొచ్చుకుంటారు, ఆపకపోతే మిగతావాళ్లు మానేస్తారు. పని చేసే మాట ఒకటుంది: ‘మాస్టారూ, అది ఏ పేజీలో కనబడింది మీకు?’ పేజీ చూపిస్తే చర్చకు లాభం, చూపలేకపోతే ఆయనే తగ్గుతారు. వెంటనే ఎదుటివైపు తిరిగి ‘అమ్మా, మీరేదో అనబోయారు’ అనాలి. కులం, పార్టీ గొడవ రాజుకున్నప్పుడూ ఇదే సూత్రం. పుస్తకంలో కులం ఉంటే దాని గురించి మాట్లాడాల్సిందే, దాటేయడం పిరికితనం. కానీ మాట పాత్ర మీద ఉండాలి, గదిలో కూర్చున్న మనిషి మీద ఉండకూడదు. ‘మీవాళ్లు’ అన్న మాట వినబడగానే ఆపి, మళ్లీ వాక్యం పైకి చదివించండి.

వయసులో చిన్నవాళ్లను ‘నువ్వు’ అని, పెద్దవాళ్లను ‘మీరు’ అని పిలవడం మన అలవాటు. ఈ గంటంబావు అందరికీ ‘మీరు’ అనుకుంటే ఇంటర్ చదివే అమ్మాయి కూడా ధైర్యంగా కాదనగలుగుతుంది.

సొంత కవితలు చదువుతామనేవాళ్లు తప్పక వస్తారు. వాళ్లను చిన్నబుచ్చవద్దు, చర్చ అయ్యాక టీ దగ్గర వినండి. పుస్తకం రాసిన మనిషినే పిలిస్తే మొదటి అరగంట రాకుండా చూడండి. రచయిత ఎదురుగా ఉంటే ఎవరూ లోపం చెప్పరు, అందరూ అభినందిస్తారు.

చదవకుండా వచ్చినవాళ్లను నిలదీయవద్దు. వరసగా ముగ్గురు నలుగురు చదవకుండా వస్తే తప్పు వాళ్లది కాదు, పుస్తకం పొడవుది. తర్వాతి నెల కథకు దిగండి.

8. రిజిస్టరు, చేతులు మారడం

నెలకొక పేజీ: తేదీ, పుస్తకం, హాజరు, ఏ పేజీల మీద మాట నడిచింది, తేలకుండా మిగిలిన ప్రశ్న ఒకటి. గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు కొనే సమయంలో ఈ పేజీలే మీ అభ్యర్థనకు ఆధారం. ‘పాఠకులు అడుగుతున్నారు’ అనే మాటకన్నా పన్నెండు సంతకాలున్న జాబితాకు విలువ ఎక్కువ.

ఆరు నెలలకొకసారి నడిపే మనిషి మారాలి. కొత్తవారు ఒక నెల కాగితం ముక్కలు పెట్టడంలో సాయం చేయాలి, రెండో నెల సగం చర్చ నడపాలి, మూడో నెల మొత్తం. పాతవారు ఆ నెల గుండ్రంలో అందరితో పాటు కూర్చుని, వరస వచ్చినప్పుడు ఒక పేజీ, ఒక వాక్యం చెప్పాలి. గ్రంథాలయాధికారి బదిలీ అయితే కొత్తవారు చేరిన వారంలోనే వెళ్లి, అనుమతి నకలు, రిజిస్టరు చూపించి, ఆ నెల పుస్తకం ప్రతి ఒకటి వారి చేతికి ఇచ్చి రండి.